మరియమ్మ చేతికి తీసిన అచ్చు

తిరిగొచ్చి పదిహేను రోజులైంది. కోపం ఇంకా తగ్గలేదు. తగ్గాక రాద్దామని ముందు అనుకున్నాను. తగ్గితే అసలు రాయనేమోనని భయమేసి ఇప్పుడే కూర్చున్నాను.

మాది శ్రీకాకుళం వైపు. పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ కంచు, ఇత్తడి పోతపోసే ఇళ్లే. మా నాన్న చెంబులూ దీపాలూ పోశాడు. నేను అచ్చులు తీస్తాను. ఆకు, చేప, చెయ్యి, కాలు, ఏది తెచ్చిచ్చినా అచ్చు తీసి, మైనంలో పోసి, అది ఇత్తడిగా మారేదాకా దగ్గరుండి చూస్తాను. ఈ మధ్య పెద్ద ఇళ్లవాళ్లూ హోటళ్లవాళ్లూ ఇలాంటివి తలుపు పిడులుగా, గోడ బొమ్మలుగా కావాలంటున్నారు. అలాగే హైదరాబాదు నుంచి ఒక డిజైనరు ఫోన్ చేశాడు. పేరు రాయను. గుంటూరు దగ్గర హైవే పక్కన ఒక రిసార్టు కడుతున్నారట. దాని ముఖద్వారానికి రెండు ఇత్తడి పిడులు కావాలి. పిడులంటే చేతులు. ఆ నేల మీద పనిచేసే ఆడవాళ్ల చేతులు. ఒకటి పత్తి తీసే చెయ్యి, ఒకటి జీడిపప్పు ఒలిచే చెయ్యి. లోపలికి వచ్చేవాళ్లు కరచాలనం చేసినట్టు ఆ చేతిని పట్టుకుని తలుపు లాగాలి.

"రియల్ హ్యాండ్స్ కావాలి మేడమ్. ఆ గరుకు, ఆ పగుళ్లు, అన్నీ రావాలి. ఫేక్ వద్దు," అన్నాడు.

ఆ మాట నాకెంత నచ్చిందో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే మండుతుంది.

గుంటూరులో దగ్గు

మార్చి చివర. రైలు దిగి ఆటో ఎక్కి పది నిమిషాలు కాలేదు, దగ్గు మొదలైంది. ముందు లారీ, వెనక లారీ, రెండిట్లోనూ మిర్చి బస్తాలు. ఆటో అతను మాత్రం కిళ్లీ నములుతూ హాయిగా ఉన్నాడు.

"కొత్తాండీ? రెండ్రోజులు దగ్గుద్ది. తర్వాత మీకే తెలీదు," అన్నాడు.

ఇడ్లీ బండి దగ్గర కారం తక్కువ వెయ్యమన్నాను. "తక్కువే ఏశానమ్మా," అన్నాడు బండాయన, నొచ్చుకున్నట్టు. నలభై రూపాయలకి నాలుగిడ్లీలు, వాటి మీద నెయ్యి, ఆ నెయ్యి కనబడకుండా కారప్పొడి. మా వైపు పులుసులో కూడా బెల్లం ముక్క వేస్తాం. ఇక్కడ బెల్లం అడిగితే నైవేద్యానికా అని అడిగారు.

డిజైనరు హోటల్లో కలిశాడు. మర్యాదస్తుడే. కాఫీ ఇప్పించాడు, లాప్‌టాప్‌లో బొమ్మలు చూపించాడు. "ఈ ల్యాండ్ స్టోరీ చెప్పాలి మేడమ్," అన్నాడు. దర్శికీ వేటపాలేనికీ నాతో వస్తారా అని అడిగాను. ఎండలు కదా, వీలుపడదన్నాడు.

దర్శిలో గడ్డకట్టిన పొడి

మనిషి చెయ్యి అచ్చు తీయడానికి నేను పళ్ల డాక్టర్లు దవడ అచ్చుకి వాడే గులాబీరంగు పొడి వాడతాను. నీళ్లలో కలిపితే పెరుగులా అవుతుంది. అందులో చెయ్యి ముంచి నాలుగు నిమిషాలు కదలకుండా ఉంటే రబ్బరులా బిగుసుకుంటుంది. నీళ్లు చల్లగా ఉండాలి. ఈ సంగతి నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు. తెలిసీ, నీళ్ల బాటిలు బస్సులో కిటికీ పక్కన ఎండలో పెట్టుకున్నాను.

దర్శి అవతల కోటేశ్వరమ్మ అనే రైతు చేలో చివరి తీత పత్తి తీస్తోంది. విచ్చిన పత్తికాయ డొప్పలు ముళ్లలా గుచ్చుకుంటాయి. ఆమె వేళ్ల చివర్లు గీతలు గీతలుగా ఉన్నాయి. బకెట్లో పొడి వేసి ఆ వేడినీళ్లు పోసి కలిపాను. ఆమె చెయ్యి కడుక్కుని వచ్చేలోగా గరిటె దాంట్లో ఇరుక్కుపోయింది. ఇంకో పాకెట్టు తీశాను. అదీ అంతే.

గట్టు మీద కూర్చున్న ఆమె భర్త విరగబడి నవ్వాడు. "ఏందమ్మా, అంత దూరం నించి ఉప్మా చెయ్యడానికొచ్చావా?"

"ఊరుకోవయ్యా," అని కసిరి, కోటేశ్వరమ్మ నన్ను చెట్టు నీడకి పిలిచి అన్నం పెట్టింది. జొన్నన్నం, మజ్జిగ, ఊరుమిరపకాయలు. తింటుంటే అడిగింది: "నాకో మాట చెప్పు. తలుపుకి మనిషి చెయ్యెందుకు? కొయ్య పిడి చాలదా?"

"అందం కోసం," అన్నాను.

ఆమె తన చెయ్యి తిప్పి చూసుకుంది. "దీంటోనా?" అంది. ఎగతాళిగా కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. మిగిలిన ఒక్క పాకెట్టు వేటపాలేనికి దాచుకుని, పత్తి చెయ్యి లేకుండానే బయల్దేరాను.

వేటపాలెంలో మరియమ్మ

మా పలాస వైపూ జీడి ఉంది. మేం జీడిపిక్క అంటాం, ఇక్కడ గింజ అంటున్నారు. పేరు మారినా వాసన ఒకటే. ఉడికించిన గింజల వాసన, దాని కింద గొంతు పట్టేసే జీడినూనె ఘాటు. రేకుల షెడ్డు. లోపల అరవైమంది ఆడవాళ్లు. కాలితో మీట తొక్కితే కత్తి దిగుతుంది, పెంకు రెండు చెక్కలవుతుంది, వేలితో పప్పు లాగాలి. పెంకులో ఉన్న నూనె చర్మాన్ని కాలుస్తుంది. చేతులకి ఆముదం పూసుకుంటారు. ఆముదం మధ్యాహ్నం దాకా ఆగుతుంది, పని సాయంత్రం దాకా ఉంటుంది. చేతితొడుగులు ఇవ్వరా అని సూపర్‌వైజర్ని అడిగాను. తొడుగులేసుకుంటే పని సాగదని ఆయన జవాబు. ఇస్తే కదా సాగుతుందో లేదో తెలిసేదని ఎవరో వెనకనుంచి అన్నారు. అన్నది మరియమ్మ.

నల్లగా, గట్టిగా, నాకంటే పదేళ్లు పెద్ద. ముప్పై ఏళ్లుగా ఇదే పని. అచ్చు సంగతి చెప్పగానే ఆవిడే ముందుకొచ్చింది.

"నా చెయ్యి తీసుకో. కానీ ఒక మాట. నా ఏలిముద్ర మిషన్లో పడదు. రేషన్ కాడ ప్రతి నెలా ఇదే గొడవ, కన్ను చూపించమంటారు. మరి నీ పిండిలో పడుద్దా?"

"పడుతుంది మరియమ్మక్కా," అన్నాను. మా వైపయితే అప్పా అనేదాన్ని.

ఈసారి కుండనీళ్లు తెచ్చుకున్నాను. చేతికి వాజిలైన్ రాసి ముంచమన్నాను. చుట్టూ పదిమంది చేరారు. నాలుగు నిమిషాలు ఆ చెయ్యి ఊరికే ఉండాలి. రెండో నిమిషానికే మరియమ్మ భుజం కదలడం మొదలైంది. ఊరికే ఉండటం అలవాటు లేదు. "ఎంతసేపమ్మా?" అని సూపర్‌వైజరు రెండుసార్లు వచ్చి చూసి పోయాడు.

చెయ్యి బయటికి లాగాక ఆ గుంటలో అక్కడికక్కడే ప్లాస్టరు పోశాను. ఈ అచ్చు గంట దాటితే కుంచించుకుపోతుంది, ఇంటికి తీసుకెళ్లే వీలుండదు. గట్టిపడ్డాక పైన రబ్బరు ఒలిచేస్తుంటే ఒక్కో వేలూ బయటపడింది. చూపుడువేలికి సగం గోరు లేదు. బొటనవేలి చివర గీత అన్నది లేదు, గులకరాయిలా నున్నగా ఉంది. అరచేతిలో మాత్రం పగుళ్లు ఎండిన చెరువులా ఉన్నాయి. మిషన్‌కి పడనిదంతా అందులో పడింది.

"ఏమే, జీడినూనె నల్ల మరక రాలేదే!" అంది ఒకామె. "తెల్లగా దొరసాని చెయ్యిలా ఉంది."

ఎక్కడ పెడతారని మరియమ్మ అడిగింది. పెద్ద హోటలు, ముఖద్వారం, వచ్చేవాళ్లంతా దీన్ని పట్టుకునే లోపలికి వెళ్తారని చెప్పాను.

"అయితే పెద్దపెద్దోళ్లందరూ నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి లోపలికి పోతారన్నమాట!"

షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. పక్కన మీ పేరు కూడా రాయిస్తానని మాటిచ్చాను. ఆమె మొబైలు నంబరు రాసుకున్నాను. వస్తుంటే గుప్పెడు జీడిపప్పు బద్దలు కాగితంలో చుట్టి ఇచ్చింది. కిలో ఎనిమిది వందలు పలికే పప్పు అది. షెడ్డు నుంచి ఒక్క పలుకు బయటికి పోకూడదట, సాయంత్రం గేటు దగ్గర వాళ్ల కొంగులు దులిపిస్తారట. ఆ గుప్పెడు మాత్రం అందరూ చూస్తుండగా సూపర్‌వైజర్ని దబాయించి తీసింది.

పెదకాకానిలో నేను చేసిన పని

పోత పోసేందుకు పెదకాకానిలో మస్తాన్ వలి గారి దగ్గర ఏర్పాటు చేసుకున్నాను. అరవై అయిదేళ్ల మనిషి. గుళ్లకి గంటలు పోస్తాడు. ఆ ఊరి గుడికి వచ్చే జనం కొనుక్కునే చిన్న గంటలు కూడా ఆయన షెడ్డువే. మా ఇళ్లలో పోత రోజున ఆడవాళ్లని పొయ్యి దగ్గరికి రానివ్వరు. మా నాన్న పోయాకే నేను పొయ్యి దగ్గర నిలబడ్డాను. ఇక్కడ బొగ్గు వేసేది ఆయన కోడలే. నేను ఆశ్చర్యంగా చూస్తే ఆయనకి నా ఆశ్చర్యం అర్థం కాలేదు.

ప్లాస్టరు చేతి మీద రబ్బరు అచ్చు తీసి, అందులో మైనం పోసి రెండు చేతులు తీశాను. ఫొటోలు డిజైనరుకి పంపాను. పత్తి చెయ్యి కుదరలేదని, దర్శికి మళ్లీ వెళ్తానని కూడా రాశాను. గంటలో ఫోను.

"ఎక్సలెంట్ మేడమ్. పత్తి హ్యాండ్ వదిలెయ్యండి, ఇదొక్కటే చాలు, రెండూ దీన్నే పోసేద్దాం. చిన్న కరెక్షన్స్. టెక్స్చర్ కొంచెం డిస్టర్బింగ్‌గా ఉంది. గెస్టులు పట్టుకుంటారు కదా, స్కిన్ స్మూత్ చెయ్యండి. ఆ గోరు పూర్తి చెయ్యండి. వేళ్లు కొంచెం పొడుగు చెయ్యండి."

"మీరే కదండీ గరుకు కావాలన్నారు?"

"గరుకు కావాలి. ఇంత కాదు."

ఫోన్ పెట్టేసి తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే కత్తి వేడిచేసి కూర్చున్నాను. ఇది దాచకుండా చెప్పాలి. పని ఒప్పుకున్నాను, అడిగింది చేయాలి అనుకున్నాను. అరచేతిలో పగుళ్లు పూడ్చాను. గోరు దిద్దాను. గంటన్నర పట్టింది. చాలా అందంగా వచ్చింది.

మస్తాన్ వలి గారు వచ్చి ఆ చేతిని తీసుకుని వెలుతురులో తిప్పి చూశాడు.

"ఇదెవరి చెయ్యమ్మాయ్?"

"అదే బాబాయ్, మరియమ్మ గారిది."

"నిన్న నాకు చూపిచ్చిందేగా ఆమెది? ఇది చీరల కొట్లో బొమ్మ చెయ్యి. దీనికోసం నువ్వు వేటపాలెం దాకా పోవాలా? బజార్లో దొరుకుద్ది." దాన్ని నా ముందే మైనం గిన్నెలో వేసేశాడు. "మైనం నాది. రెండోదుందిగా, ముందు దాన్ని పోద్దాం. నచ్చకపోతే నా పేరు చెప్పు."

నాకు ఏడుపొచ్చింది. గంటన్నర పని పోయినందుకు కాదు. ఒక బయటిమనిషి చెబితే గానీ నాకు తెలియనందుకు.

రెండో మైనపు చేతికి మెత్తటి ఒండ్రుమట్టి పూత మీద పూత వేశాం. మూడు రోజులు ఆరబెట్టాం. తడి ఉంటే కరిగిన ఇత్తడి ఎగిరి ముఖాన పడుతుంది. ఆయన మట్టిని వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, ఇంకో పూట ఆగుదామన్నాడు. నాలుగో రోజు పొద్దున్నే కాల్చి మైనం వదిలించి, ఆ ఖాళీలో ఇత్తడి పోశాం. మట్టి పగలగొడితే మరియమ్మ చెయ్యి. సగం గోరు, పగుళ్లు, నున్నటి బొటనవేలు. ఏదీ తప్పిపోలేదు.

మస్తాన్ వలి గారు దానితో చెయ్యి కలిపాడు. "గట్టి మనిషి," అన్నాడు.

హైవే పక్కన

రిసార్టు ముఖద్వారం దగ్గర దిగేసరికి తలుపులకి పిడులు అప్పటికే ఉన్నాయి. రెండు చేతులు. పొడుగాటి వేళ్లు, బాదంగింజల్లాంటి గోళ్లు, పగులు లేదు, మచ్చ లేదు. ఒకదానికి గాజులు కూడా. డిజైనరు ఏమాత్రం తడబడలేదు. నా ఫొటోలు పెట్టుకుని కంప్యూటర్లో దిద్ది, త్రీడీ ప్రింటు తీసి, వేరేచోట పోయించారట. "బ్యాకప్ మేడమ్. మీరు లేటయ్యారు కదా."

పక్కన గోడ మీద ఇత్తడి పలక. ఇంగ్లీషులోనూ తెలుగులోనూ. ఈ నేల మీద శ్రమించే స్త్రీల నిజమైన చేతుల నుంచి తీసిన అచ్చులివి అని ఉంది. కింద డిజైనరు పేరు. శ్రమించే అన్న మాటలో శ కింద ర ఒత్తు తప్పుగా ఉంది.

నేను తెచ్చిన చెయ్యి మూట విప్పి పక్కన పెట్టాను. "నిజమైన చెయ్యి ఇది. ఆ పలక తీసెయ్యండి, లేదా ఆ చేతులు తీసెయ్యండి. రెండూ ఒకచోట ఉండకూడదు."

"స్టోరీ స్టోరీనే మేడమ్, ఆబ్జెక్ట్ ఆబ్జెక్టే. మీరు ఎమోషనల్ అవుతున్నారు."

"ఆవిడ పేరు రాస్తానని మాటిచ్చాను."

"పేర్లు పెడితే క్లయింట్‌కి లీగల్‌గా ఇబ్బంది." నేను తెచ్చిన చేతిని చూసి జాలిగా అన్నాడు: "ఇది కూడా బానే ఉంది. సర్వీస్ బ్లాక్ కారిడార్లో పెట్టిద్దామా?"

సర్వీస్ బ్లాక్ అంటే గిన్నెలు కడిగేచోటు. నేను గట్టిగానే అరిచాను. ఏమన్నానో అన్నీ గుర్తులేవు. టైల్స్ వేసే పనివాళ్లు పని ఆపి చూశారని గుర్తుంది. నా డబ్బు మాత్రం వదులుకోలేదు. మహాత్మురాలిని కాను, అందులో మస్తాన్ వలి గారి కూలి కూడా ఉంది.

చెయ్యి మూటగట్టుకుని బయటికొస్తుంటే గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు. "ఇత్తడి సామాను బయటికెళ్లాలంటే గేట్‌పాస్ ఉండాలమ్మా."

"ఇది నాది."

"మీదని రుజువేంది?"

ప్లాస్టిక్ స్టూలు మీద ముప్పావుగంట కూర్చున్నాను, మరియమ్మ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, అది నా సొంతమని లోపలివాళ్లు కాగితం రాసి పంపేదాకా. ఆ కాగితం చదువుతుంటే అందులో ఉన్నదీ అబద్ధమేనని తట్టింది. అది నాది కూడా కాదు.

ఫోను

అందుకే ఆ సాయంత్రం మరియమ్మకి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. నున్నగా చేసిన సంగతి కూడా. ఆమె తిట్టలేదు. "పోనీలేమ్మా, ఆళ్లంతే," అంది. మీ చెయ్యి మీకు తెచ్చిస్తానన్నాను.

"నాకెందుకు? నాది నాకుందిగా. ఎంత తూగుద్ది?"

"రెండు కిలోల పైన."

మరియమ్మ గొంతు తగ్గించింది. "కరిగిస్తే గడియలవుతాయా?"

షెడ్డు వెనక ఆడవాళ్లకి రెండు మరుగుదొడ్లున్నాయి. రెండిటి తలుపులకీ గడియల్లేవు. అరవైమంది ఆడవాళ్లు. వెళ్లినవాళ్లు లోపల్నుంచి ఒక చేత్తో తలుపు లాగిపట్టుకుని కూర్చోవాలి. అడిగితే ఓనరు చూద్దామంటాడు, ఎన్నేళ్లుగానో చూస్తూనే ఉన్నాడు. వాళ్లే చందాలేసుకుని రెండుసార్లు ఇనప గడియలు కొని బిగించుకున్నారు. సముద్రపు గాలికి తుప్పుపట్టి ఊడిపోయాయి.

"ఇత్తడైతే తుప్పుపట్టదుగా?" అంది మరియమ్మ.

రోజంతా వాళ్లతో ఉన్నాను నేను. పళ్ల డాక్టరు పొడి గురించి, హోటలు గురించి మాట్లాడాను. ఇది నేను అడగలేదు, చూడలేదు.

చెప్పగానే మస్తాన్ వలి గారు తల ఊపాడు. చేతిని కరిగించడానికి నాకు మనసొప్పలేదు. నేను తీసిన అచ్చుల్లో అంత బాగా వచ్చింది లేదు, ఎక్కడైనా ప్రదర్శనకి పెట్టుకోవచ్చు అనిపించింది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆ డిజైనరుకీ నాకూ తేడా ఎంతో కొలుచుకున్నాను. ఎక్కువ రాలేదు. నేనే తీసుకెళ్లి దాన్ని పొయ్యిలో ఇత్తడి కరిగించే మూసలో పెట్టాను. ముందు వేళ్లు మెత్తబడ్డాయి. తర్వాత అంతా ఒకటైపోయింది.

రెండు గడియలు

పాత ఇనప గడియ ఒకటి తెచ్చి ఇసకలో అచ్చు తీసి రెండు పోశాం. ఆకురాయితో రుద్ది, కొక్కేలూ మరలూ కూడా ఇత్తడివే తీసుకుని నేను వేటపాలెం వెళ్లాను. మధ్యాహ్నం అన్నాల వేళ. మరియమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని బరువు చూసి, పక్కామెకి అందించింది. అది షెడ్డంతా తిరిగొచ్చింది.

సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చాడు. "ఏందిది? ఓనరు గారిని అడక్కుండా తలుపులకి బెజ్జాలేస్తారా?"

"అడిగి రా పో," అంది మరియమ్మ. "నువ్వు అడిగొచ్చేలోపు మేం బిగించేస్తాం."

నిజంగానే బిగించేశారు. స్క్రూడ్రైవరు నా చేతిలోంచి లాక్కున్నారు. చెక్క తలుపు ఉబ్బి ఉంది, కొక్కెం సరిగ్గా కూర్చోలేదు. ఒకామె పప్పు పొట్టు గీకే కత్తితో చెక్క చెక్కింది. రెండోసారికి గడియ జారి కొక్కెంలో పడింది.

ముందు మరియమ్మ వెళ్లింది. లోపల గడియ వేసుకుంది. బయట అప్పుడే పదిమంది వరసకట్టారు. అన్నాల టైమంటే పావుగంటే.

ఎంతకీ రాదు. వరసలో ముందున్నామె తలుపు కొట్టింది. "ఏమే మరియమ్మా, అక్కడే కాపురం పెట్టావా?"

"ఉండవే," అంది లోపల్నుంచి. "రెండు చేతులూ వదిలేసి కూర్చున్నా. కాసేపు కూర్చోనియ్యండి."